నాలుగోసారి కాచిన క్రీము

"మళ్ల అదే కాస్తున్నవా?" అంది అత్త సుక్కమ్మ, వంటింటి గడపలో నిలబడి.

"కాస్త. ఎవలేమన్నా కాస్త," అంది సుచిత్ర, వెనక్కి తిరక్కుండానే.

మచ్చ బొల్లారంలో ఆమె దగ్గర ఒంటికి రాసుకునే క్రీము కొన్న ఆడవాళ్లు మూడుసార్లూ డబ్బాలు తెచ్చి మొహాన కొట్టినట్టు ఇచ్చేశారు. వారం తిరిగేసరికి ముక్కిన నూనె వాసనట. ఆ వాసన రాకూడదనే ఆమె అందులో ఇ విటమిన్ గోళీల రసం కలుపుతోంది. అయినా పాడైంది. తిరిగొచ్చిన డబ్బాలను పారేస్తానని ప్రతిసారీ తీసుకెళ్లింది సుక్కమ్మే.

కుసుమ నూనెలో తేనె మైనం కరిగి సలసల కాగుతోంది. సుచిత్ర గోళీని సూదితో పొడిచి గిన్నె మీదికి వంచింది. సుక్కమ్మ గబుక్కున వచ్చి ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఇడువు అత్తమ్మా! నువ్వొద్దన్నా జేస్త. ఇంక పదిసార్లు ఖరాబైనా జేస్త!"

"నేనొద్దంటలేనే. మామిడికాయ తొక్కు వెట్టేటప్పుడు కాగే నూనెల కారం ఏస్తమా? మాడి సస్తది. గిది గూడ అంతే. దించి సల్లారనియ్యి, ఆఖర్ల గలుపు."

సుచిత్ర స్టవ్ ఆర్పి అత్త వైపు చూసింది. "నా క్రీము సంగతి నీకెందుకు?"

సుక్కమ్మ చీర కొంచెం ఎత్తి కాలు ముందుకు పెట్టింది. చలికాలమంతా పగిలి రక్తం కారిన మడమ నున్నగా ఉంది.

"పారేస్తనని తీస్కపోయిన డబ్బాలు నేనే రాసుకున్న. వాసనొస్తే రానియ్యి, కాళ్లకేమన్న ముక్కులున్నయా?"