ఓస్మో చేపల చోటు

దేవుడికి ఇంత తీరిక ఎక్కడిది?

ఈ సందేహం ఓస్మోను ఏళ్లుగా వదల్లేదు. చర్చిలో కూర్చున్నా అదే, ఇప్పుడు గడ్డకట్టిన సరస్సు మీద ఎండలో నడుస్తున్నా అదే. ఎప్పుడో రంపపు మిల్లులో పని పోయిన చలికాలం, చిన్న దీవి వెనక మంచులో బెజ్జం పెట్టి గాలం వేసుకుని కూర్చుని, "ప్రభువా, వట్టి చేతులతో ఇంటికి పంపకు" అని వేడుకున్నాడు. ఆ రోజు ఏమీ పడలేదు. మరుసటి ఏడు మాత్రం అదే చోట చారల పెర్చ్ చేపలు ఒకదాని వెనక ఒకటి ఎగబడ్డాయి. అప్పట్నుంచీ ఏ ఏడూ తప్పలేదు. లోకంలో ఇన్ని కష్టాలుండగా ఒక ముసలాడి గాలం కోసం దేవుడు ఇంత శ్రమ పడతాడా?

ఆ చోటు ఆయన ఎవరికీ చెప్పలేదు. ప్రాణస్నేహితుడు రైమోకి కూడా. ఆ సరస్సు చుట్టూ ఉన్నవాళ్లెవరూ తమ చేపల చోటు చెప్పరు. ఈసారి మాత్రం చిక్కొచ్చి పడింది. రైమో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పట్నంలో ట్రామ్ నడిపే అతని కూతురు, తూలి అనే అమ్మాయి, వచ్చి "బాబాయ్, నన్ను తీసుకెళ్లు" అని పట్టుబట్టింది. కాదనలేకపోయాడు.

"మీ నాన్నకి చెప్పనని ఒట్టెయ్" అన్నాడు మూడోసారి.

"చెప్పను బాబాయ్, ఒట్టు. నేను చెప్పాల్సిన పనే లేదు."

ఆమె మంచు మీద జారే స్లెడ్జి బండి లాగుతోంది. దాని మీద ఎండిపోయిన క్రిస్మస్ చెట్టు, పక్కన ఒక సంచి.

"ఆ సంచిలో ఏముందే అంత బరువు? మీ నాన్న కోతలా?"

"కోతలైతే ఈ స్లెడ్జి సరిపోతుందా? రాళ్లు."

పొయ్యి పెట్టడానికి కాబోలు అనుకున్నాడు ఓస్మో. సాసేజీలు కాల్చుకోవడానికి ఆ ఎండు చెట్టు భేషుగ్గా ఉంటుంది. రైమో కూతురు ముందుచూపు గలదే.

దీవి దగ్గర తూలి ఆయన చెప్పకముందే ఎడమవైపు తిరిగింది.

"ఇటని నీకెలా తెలుసు?"

"ఎండ ఇటేగా ఉంది!"

కిందటి వారం తను గుచ్చిన ఫర్ చెట్టు రెమ్మ ఇంకా నిలబడే ఉంది. మంచులో బెజ్జం పెట్టినవాడు ఎవరి కాలూ అందులో పడకుండా రెమ్మ గుచ్చి పోవాలి. ఓస్మో చోటు దాస్తాడు గానీ ఆ ధర్మం మాత్రం తప్పడు.

బరమా తిప్పి రెండు బెజ్జాలు తొలిచాడు. జానెడు గాలం కర్రలు పట్టుకుని చెరో దాని ముందూ కూర్చున్నారు. ఫ్లాస్కులో కాఫీ సగమైనా కాలేదు, తూలి కేక పెట్టింది.

"పడింది! బాబాయ్, పడింది!"

"అరవకే, చేపలు ఊరొదిలి పోతాయి! మెల్లగా లాగు, ట్రామ్ కాదది!"

మధ్యాహ్నానికి మంచు మీద చేపల కుప్ప తయారైంది. తూలి కుప్ప పెద్దది. ఓస్మో గాలం మాత్రం ఎప్పటిలాగే అడుగున దేనికో చిక్కుకుంది. గుంజి గుంజి పైకి లాగితే కొక్కేనికి తళతళలాడే వెండి దారం ముక్క.

"ఇదొకటి, రెండు మూడేళ్లకోసారి తగులుతుంది. ఎవడి గాలం సరంజామానో" అని విసిరేయబోయాడు.

తూలి దాన్ని అందుకుని జేబులో వేసుకుంది. ఆమె కళ్లు తుడుచుకుంటే, చలిగాలికి కాబోలు అనుకున్నాడు ఓస్మో.

"బాబాయ్, నా చిన్నప్పుడు మాకు క్రిస్మస్ చెట్టు ఇచ్చావటగా?"

"ఓ, అదా! నీకు జ్వరం, అమ్మా నాన్నా నీతో ఆసుపత్రిలో. పండగ ముందురోజు నిన్ను ఇంటికి పంపించారు. ఇంట్లో దీపమైనా లేదు. మా చెట్టు తోరణాలతో సహా ఎత్తుకొచ్చి మీ గదిలో నిలబెట్టాను."

"నాన్న ఇప్పటికీ అంటాడు, ఓస్మోకి ఒక చెట్టు బాకీ అని."

"ప్రతి పండక్కీ నాతోనూ అంటాడు. నాకు చెట్టెందుకురా, చేపలున్నాయిగా అంటాను. అందులో నవ్వడానికేముందో, పొట్ట పట్టుకుని నవ్వుతాడు."

తూలి కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఎండ వాలుతోంది. ఈ ఏటికి ఇదే ఆఖరి వేట. ఇంకొన్ని రోజుల్లో మంచు మెత్తబడుతుంది, ఆ తర్వాత ఓస్మో ఇటు అడుగు పెట్టడు. సాసేజీలు తీసి, పుల్లల కోసం చెట్టు కొమ్మ మీద చెయ్యి వేశాడు.

"అది విరవకు బాబాయ్!"

"మరి దేనికి మోసుకొచ్చావు?"

తూలి చెట్టును లాక్కొచ్చి బెజ్జం పక్కన పడుకోబెట్టింది. సంచి విప్పి రాళ్లను మొదలుకు తాడుతో కట్టసాగింది. చెట్టు కొనకు ఇంకా వెండి దారాలు వేలాడుతున్నాయి.

"ఏం చేస్తున్నావే?"

"మంచు కరిగితే ఇది అడుగుకు దిగుతుంది. కొమ్మల్లో చిన్న చేపలు దాక్కుంటాయి. వాటి కోసం పెద్దవి వస్తాయి."

ఓస్మో ఆ దారాల వంక చూశాడు. తర్వాత తను గుచ్చిన రెమ్మ వంక చూశాడు.

"నీకెవరు చెప్పారిది?"

"నాన్న. ఈసారి కాలు విరిగిందని నన్ను పంపాడు."

"ఈసారేంటి? మీ నాన్నకి అసలు ఈ చోటే తెలీదు కదే!"

తూలి ఆఖరి ముడి బిగించి, ఆయన గుచ్చిన రెమ్మను చూపించింది.

"నీ చెట్టు బాకీ నాన్న ఏటా ఇక్కడే తీరుస్తున్నాడు, బాబాయ్."