సున్నా మంది

సాల్వర్ బటన్ నొక్కితే మళ్లీ అదే జవాబు. మడత విభాగం: సున్నా మంది.

ఆమెకు ఒళ్లు జలదరించింది. ఏసీ తగ్గించమని ఎవరినో అడిగింది. ఏసీ పనిచేయడం లేదని చెప్పారు.

ఆఫీసులో ఆమెను 'లెక్కల పిల్ల' అంటారు. పెద్ద పెద్ద కంపెనీలు అంకెలు పంపిస్తాయి. ఎంత పని జరగాలి, మనిషికెంత, యంత్రానికెంత. అవన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, అతి తక్కువ ఖర్చుతో పని ఎలా జరుగుతుందో సాల్వర్ అనే ప్రోగ్రామ్‌ని అడగడమే ఆమె ఉద్యోగం. కంపెనీ ఏదో, ఏ ఊరో ఆమెకు చెప్పరు. ఈ లాండ్రీల ఫైలు వచ్చినప్పుడు ఒకసారి అడగబోయి, ఎందుకో భయమేసి ఊరుకుంది.

మొత్తం పదకొండు లాండ్రీలు. ఆమె ఇచ్చిన ప్లాన్ ప్రకారం రెండు నెలల కిందట ముందుగా అన్నిటికన్నా చిన్నదాంట్లో దుప్పట్లు మడతపెట్టేవాళ్లను తీసేసి యంత్రం పెట్టారు. యంత్రం వారం తిరక్కుండానే మూలపడింది. మడతలు మాత్రం ఆగలేదు.

మనుషులు లేరు, యంత్రం లేదు, పని జరుగుతోంది. సాల్వర్‌కి ఇంతకంటే ఏం కావాలి? మిగతా పది చోట్లా సున్నా పెట్టమంది.

"సాయంత్రంలోగా పంపెయ్యమ్మా" అన్నాడు బాస్. ఆయన మొహం వెలిగిపోతోంది.

"సార్, ఒక్కో చోట కనీసం ఇద్దరుండాలని షరతు పెడతాను. లేకపోతే ఉన్న రెండొందల మందీ రోడ్డున పడతారు."

"మనుషులు వద్దని అంకెలే చెబుతుంటే మధ్యలో నీ జాలేంటి? ఆ సున్నా తప్పని చూపించు. అప్పుడు పెట్టుకో నీ షరతు."

లంచ్ టైమైంది. బాక్సు తెరిచింది. పొద్దున అమ్మతో అన్న మాటలే చెవిలో తిరుగుతున్నాయి. అమ్మ కూడా పనికి బయల్దేరుతోంది. అమ్మ లంచ్ బాక్సు మూత క్లిప్పు ఊడిపోతే, తన పాత పసుపు చున్నీ అంచు చింపి తనే గట్టిగా ముడేసింది.

"ఏంటే, మొహం అలా ఉంది?"

"ఒకచోట మనుషుల్లేకుండానే పని జరిగిపోతోందమ్మా."

అమ్మ చెప్పులు వేసుకుంటూ ఆగింది. "పని దానంతటదే ఎక్కడ జరుగుతుందే, పిచ్చిదానా!"

"నీ జీతం పడిందా? రెండు నెలలైంది."

"పడుతుందిలే. పని చేసినవాళ్లకి పడకుండా ఎక్కడికి పోతుంది?" అని గబగబా మెట్లు దిగిపోయింది.

తన బాక్సు మూసేసి, ఆ చిన్న లాండ్రీ సూపర్‌వైజర్‌కి వీడియో కాల్ చేసింది. పేరు, ఊరు లేకపోయినా నంబరు ఫైల్లోనే ఉంది.

"మీరు నమ్మరు మేడమ్. తడారిన దుప్పట్లను బండిమీద లోపలికి తోసి తలుపు మూసేస్తాం. సాయంత్రానికి మడతలు రెడీ. ఆ గదిలో ఏదో ఉంది. మావాళ్లు అటువైపు చూడను కూడా చూడరు."

"మీరొకసారి కాపు కాయలేకపోయారా?"

"నాకు పెళ్లాం పిల్లలున్నారు మేడమ్."

"ఫోన్ పట్టుకుని ఇప్పుడే లోపలికి వెళ్లండి. భయమెందుకు, నేనున్నాగా."

"మీరు ఫోన్లో ఉన్నారు. నేను గదిలో ఉంటాను" అని గొణిగాడు. అయినా కదిలాడు.

తలుపు కిర్రుమంది. పొడవాటి గది, తెల్లటి దొంతర్లు. ఒక్క అంచు కూడా పక్కకు జరగలేదు. బండి అంచున వేలాడుతున్న దుప్పటి ఒకటి మెల్లగా ఊగి ఆగింది. వెనకవైపు తలుపు ఓరగా తీసి ఉంది.

"ఎవరూ లేరు మేడమ్! చెప్పానా? వెళ్లిపోనా?"

"ఆగండి. ఆ బల్ల చూపించండి. ఇంకొంచెం కిందకి."

సగం మడతపెట్టిన దుప్పటి పక్కన, పొద్దున తను వేసిన పసుపు చున్నీ ముడి ఇంకా విప్పకుండానే, అమ్మ లంచ్ బాక్సు ఉంది.