సద్దుమణిగినాక

“టైము చెప్పు పెద్దమ్మా. దొంగతనం ఎన్ని గంటలకు జరిగింది?”

“చెప్తి కదప్పా. సద్దుమణిగినాక.”

స్టేషన్ రైటర్ బసవరాజు పెన్ను కింద పెట్టాడు. ఈ మాట వినడం అతనికిది నాలుగోసారి.

బద్వేలులో సుబ్బయ్య మాస్టారి ఇంట్లో బీరువా పగలగొట్టి మూడు రోజులైంది. ఎస్సై ఒకప్పుడు ఆయన దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాడు. అందుకే కేసుకు ఇంత తొందర. సాయంత్రంలోగా కాగితాలు కోర్టుకు చేరాలి. పొద్దున ‘సద్దుమణిగినాక’ అనే రాసుకుపోతే, “ఇదేమన్నా కథనా? గంటలు, నిమిషాలు కావాల” అని ఎస్సై కాగితం విసిరికొట్టాడు.

కృష్ణవేణమ్మ అరవై దాటిన మనిషి. నుదుటన పెద్ద బొట్టు, ఉతికిన నేత చీర. బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని, సొంత అరుగు మీద కూర్చున్నట్టే కూర్చుంది.

“సద్దుమణగడమంటే పదా, పదకొండా?”

“పదికి యాడ మణుగుతాదప్పా! మాస్టారి పక్కింటాయమ్మ టీవీ ఆపేదే పదకొండుకు. ఆపినాక గూడ సీరియల్లో సచ్చినోళ్ళను తలుచుకోని శానాసేపు ముక్కు చీదుతాది.”

“పదకొండున్నర రాసుకోనా?”

“రాసుకో, తప్పు రాసుకుంటావు. ఎదురింటి కోడలు బిడ్డకు పాలిచ్చేది ఆ యాళకే. ఆ పిల్ల ఫోనులో వాళ్ళమ్మకు అత్త మీద చాడీలన్నీ చెప్పి పండుకునేతలికి పన్నెండు దాటుతాది.”

మహిళా కానిస్టేబుల్ నిస్సీ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది.

“పన్నెండున్నర?”

“అప్పుడు మాస్టారు లేస్తాడు. షుగరుండాది కదా. ఒంటేలుకు పోయొస్తా ఫ్రిజ్జు తెరిచి మైసూరుపాకు ముక్క నోట్లో ఏసుకుంటాడు. పెండ్లానికి తెలీదు.”

బసవరాజు మూడో అంకె కూడా కొట్టేశాడు.

“పోనీ, ఒంటిగంట?”

“ఒంటిగంటకు గూర్ఖా ఈల ఊదుతాడు. ఊదేసి, ఏటీఎం గదిలో ఏసీ కింద పండుకుంటాడు. ఆ ఈలకు కుక్కలు లేసి మొరిగి మొరిగి, ఒకటిన్నరకు అలిసిపోతాయి. అప్పుడుంటాది చూడప్పా... మాస్టారి గురక తప్ప ఊర్లో ఏమీ ఇనపడదు. సద్దుమణగడమంటే అదీ.”

“అంటే ఒకటీ నలభై.”

“ఆఁ. ఇప్పుడు రాసుకో.”

బసవరాజు ప్రాణం లేచివచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత వివరంగా చెప్పినవాళ్ళను చూడలేదు. మురిసిపోయి ఆమెకూ ఒక టీ తెప్పించాడు. రాసిందంతా మొదటినుంచీ చదివి వినిపించాడు. పోయిన ఆరు వెండి గ్లాసుల దగ్గరికి వచ్చేసరికి ఆమె టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

“ఆరా? ఆరు యాడుండాయప్పా? నాలుగే.”

“మాస్టారు ఆరని రాసిచ్చినాడు పెద్దమ్మా.”

“ఊరందరికీ చదువు చెప్పిన మనిషి, అట్ల రాయొచ్చునా? నాలుగే. దాంట్లో ఒకటి సొట్టది.” ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నలభై ఏండ్లుగా ఈ ఊర్లో ఉండా. ఒక్కరితో అబద్ధాలకోరు అనిపించుకోలేదు. నాలుగని రాస్తేనే ఏలిముద్ర ఏస్తా. ల్యాకుంటే మీ ఎస్సైని పిలువు, ఆయప్పతోనే మాట్లాడతా.”

బసవరాజుకు ఎస్సైని పిలిచే ధైర్యం లేదు. గడియారం చూసుకున్నాడు. ఆరు కొట్టేసి నాలుగు చేశాడు, పక్కన ‘ఒకటి సొట్ట’ అని కూడా చేర్చాడు.

కృష్ణవేణమ్మ కళ్ళు తుడుచుకుని, తృప్తిగా వేలిముద్ర వేసింది. వేలికి అంటిన సిరాను తలకు రుద్దుకుంది. మిగిలిన టీ చుక్క కూడా వదలకుండా తాగింది.

నిస్సీ ఆమెను చెయ్యిపట్టుకుని మెల్లగా లేపి, తీసుకెళ్ళి మళ్ళీ లాకప్‌లో పెట్టి తాళం వేసింది.