ఏడో గడ్డ

మళ్ళీ దారం తెగింది.

"ఐదు," అంది డాక్టర్ కృప. వేళ్ల మీద లెక్కపెడుతోంది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది.

బల్ల మీద ఉన్నది అన్నమ్మ మెడ. అంటే నిజం మెడ కాదు. ఆమె స్కాన్‌ని బట్టి త్రీడీ ప్రింటర్‌లో పొర మీద పొర పోసి చేసిన బొమ్మ. గాలిగొట్టం గట్టి ప్లాస్టిక్. దాని మీద జామకాయంత థైరాయిడ్ గడ్డ, మెత్తటి రబ్బరు. గడ్డ వెనక సేమ్యా పోగంత తెల్ల దారం. అదే గొంతు నరం. గడ్డ ఊడి రావాలి, దారం తెగకూడదు. తెగితే అన్నమ్మకు ఇక పాట లేదు.

పొద్దున వార్డులో ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"గొంతు పోతే మందిరంలో పాట ఎవురెత్తుతారయ్యా?"

పడుకుంటే ఆమెకు ఊపిరాడదు. ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు. "ఏం గాదు, నేనుండా గదా," అని డాబుగా చెప్పి వచ్చాను.

మార్కాపురంలో నా చేతికి పేరుంది. ముప్పై ఏళ్లుగా పొరకు పొర చెదరకుండా విడదీసిన చెయ్యి ఇది. అందుకే బొమ్మను చూడగానే, "దీనికింత హంగామా ఏందమ్మా, పది నిమిషాల పని," అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎప్పుడు మంచిదైంది గనక. "అయితే మీరే చేసి చూడండి," అని కృప కత్తి నా చేతికిచ్చింది.

మొదటి గడ్డ నాలుగు నిమిషాల్లో ఊడి వచ్చింది. దాంతోపాటే దారమూ వచ్చింది. రెండోసారి నా కళ్ళద్దాలు బాగాలేవన్నాను. మూడోసారి లైటు చాలదన్నాను. నాలుగోసారి కత్తి మొద్దుబారిందన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కృప కొత్త కత్తి ఇచ్చింది. ఐదోసారికి తప్పు నెట్టడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఏం గాదులెండి, నేను మొదట్లో పన్నెండు తెంపినా," అంది పక్కనున్న హౌస్ సర్జన్ రమ్య. ఆ పిల్ల నవ్వినా బాగుండేది. ఓదార్చింది.

"ఇంకా రెండు గడ్డలున్నాయి. చేస్తారా?" అంది కృప.

ఆరోసారి ఊపిరి బిగబట్టాను. దారం కనపడింది. కనపడ్డాకే తెగింది.

ఏడోసారి కత్తి పట్టుకున్నాను. రబ్బరు కనిపించలేదు నాకు. పొద్దున నా చెయ్యి పట్టుకున్న మనిషి కనిపించింది. భయమేసింది. కత్తి కింద పెట్టేశాను.

"నువ్వు చెయ్యమ్మా, నేను చూస్తా."

కృప కూర్చుంది. హడావుడి లేదు. గడ్డను కొంచెం కొంచెంగా పక్కకు జరుపుతూ ముందు దారం ఎక్కడుందో వెతికింది. అది దొరికేదాకా కత్తే ముట్టలేదు. ఇరవై నిమిషాలకు గడ్డ ట్రేలో పడింది. దారం ఉన్నచోటే ఉంది.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సిగ్గుతోనో, సంతోషంతోనో చెప్పలేను.

"రేపు నువ్వే చెయ్యి తల్లీ," అని, ఆడపిల్ల కత్తి పడితే ఒప్పుకోనని వారం నుంచి మొండికేసి ఆపిన ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద, పలకరాయి చీల్చే ఈ చేత్తో, 'పేషెంటు భర్త' అన్నచోట సంతకం పెట్టాను.