పద్దెనిమిది కిలోలు

"మీ లెక్క ఉల్టా ఉంది సార్," అన్నాడు విజయేందర్.

నాంపల్లిలో రెండో అంతస్తులో ఉన్న ఆ జిమ్‌కు అతనే యజమాని, అతనే కోచ్. ఎదురుగా తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్న మనిషి ఇంద్రసేన. అబిడ్స్‌లో ఒక హైస్కూల్లో సోషల్ టీచరు.

"బెంచ్ మీద పండుకొని వంద కిలోలు లేపేటోడు, నిలబడి నెత్తి మీదికి అరవై, అరవై అయిదు లేపుతడు. అందరిదీ గంతే. మీరేమో నిలబడి నలభై లేపుతరు, పండుకుంటే గా నలభైకే ఆగుతరు. గిదేం లెక్క?"

"పడుకుని ఎత్తడం నాకు అక్కర్లేదు."

"ఛాతీల బలముంటేనే భుజాలకు సాయం సార్. పండుకుంటే కింద బెంచ్ ఉంటది, ఫికర్ ఉండది. నిలబడితే మీ కాళ్లే దిక్కు."

"అవును," అన్నాడు ఇంద్రసేన. "కాళ్ల కింద ఏముందో కూడా తెలియదు."

ఆ మాట విజయేందర్‌కు అర్థం కాలేదు. బడిపంతుళ్లు అలాగే మాట్లాడతారనుకున్నాడు.

ఇంద్రసేన మొదట అబిడ్స్‌లో ఏసీ ఉన్న పెద్ద జిమ్‌కే వెళ్లాడు. అది సెల్లార్‌లో ఉందని తెలిసి మెట్ల దగ్గరే వెనక్కి తిరిగాడు. ఆ సంగతి విన్నప్పటినుంచి, ఏసీ జిమ్‌ను కాదని తన దగ్గరికి వచ్చాడని విజయేందర్‌కు ఆయనంటే ప్రత్యేకమైన గౌరవం.

రోజూ చివర్లో ఆయన ఒక పని చేసేవాడు. చిన్న రాడ్డుకు రెండు ప్లేట్లు తగిలించేవాడు. అన్నీ కలిపి పద్దెనిమిది కిలోలు. తల మీదికి ఎత్తి, ఇక దించేవాడు కాదు. చేతులు నిటారుగా చాచి, గడ్డం పైకెత్తి, మునివేళ్ల మీద నిలబడేవాడు.

"మడిమెలు ఆనించున్రి సార్. గట్లా నిలబడితే నడుం పోతది."

ఆనించేవాడు. మరుక్షణం మళ్లీ లేచేవాడు.

పద్దెనిమిది కిలోలే ఎందుకని ఆయన చేరిన కొత్తలోనే విజయేందర్ అడిగాడు.

"మా పాప బరువు. దించకుండా ఎత్తి పట్టుకోవాలి."

విజయేందర్‌కు వెంటనే అర్థమైంది. గణేశ్ నిమజ్జనం నాడు ఆ రోడ్లన్నీ జనమే. పిల్లలకు ఏమీ కనిపించదు. తండ్రులు వాళ్లను తలల మీదికి ఎత్తి చూపిస్తారు. చిన్నప్పుడు మొజంజాహీ మార్కెట్ దగ్గర తన తండ్రీ అలాగే ఎత్తేవాడు.

"నిమజ్జనం చూపియ్యనీకె గదా సార్?"

ఇంద్రసేన వంగి ప్లేటు బిగిస్తున్నాడు.

ఆ రోజునుంచి అది జిమ్ మొత్తానికి పందెమైంది. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి వ్యాపారం చేసే మహీధర్ నవ్వేవాడు.

"గింత తిప్పలెందుకు సార్? ఫోన్‌ల చూపిస్తే అయిపాయె."

కింద ఇరానీ హోటల్‌కు ఛాయ్ చెప్పి, "ఛాయ్ వచ్చేదాక ఆపున్రి, చూద్దాం," అనేవాడు.

"ఎంతసేపట్లో వస్తారు?" ఇంద్రసేన నిజంగానే అడిగేవాడు.

"వస్తున్నమన్నోళ్లు ఎప్పుడన్న టైముకు వచ్చిన్రా సార్?"

"రారు," అనేవాడు ఇంద్రసేన.

ఛాయ్ రాకముందే ఆయన చేతులు వణికేవి. రాడ్డు దిగిపోయేది. తరువాత చాలాసేపు తన అరచేతులనే చూసుకుంటూ కూర్చునేవాడు. ఓడిపోయిన మనిషి ముఖంలో అంత ద్వేషం విజయేందర్ ఎప్పుడూ చూడలేదు. ఆ ద్వేషం మహీధర్ మీద మాత్రం కాదు.

ఒకసారి విజయేందర్ ఆయన్ను బలవంతంగా మళ్లీ బెంచ్ మీద పడుకోబెట్టాడు. రాడ్డు ఛాతీ మీదికి దిగుతుండగానే ఇంద్రసేన ముఖం పాలిపోయింది. నోరు తెరిచి గాలి కోసం కొట్టుకున్నాడు. విజయేందర్ రాడ్డు లాగేశాడు.

"గందుకే చెప్తున్న, బెంచ్ చెయ్యాలె. పిల్లలు ఊకోరు సార్, పెరుగుతరు. వచ్చే ఏడు పాప ఇరవై రెండు కిలోలైతది. అప్పుడేం చేస్తరు?"

"పెరగదు," అన్నాడు ఇంద్రసేన.

"ఏంది సార్, ఇంట్ల బువ్వ పెడ్తలేరా?" అన్నాడు మహీధర్.

అందరూ నవ్వారు. ఇంద్రసేన కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

నిమజ్జనం వచ్చింది. జిమ్‌లో ఎవరూ లేరు. విజయేందర్ కిటికీ దగ్గర నిలబడి, కింద విగ్రహాల వెంట సాగుతున్న జనంలో సార్‌ను వెతుకుతున్నాడు. ఎక్కడ చూసినా తండ్రుల తలల మీద పిల్లలు.

వెనక తలుపు చప్పుడైంది. ఇంద్రసేన ఒక్కడే వచ్చాడు.

"పాపేది సార్?"

"రాలేదు."

"ఇయ్యాల్టి కోసమే గదా గింత కష్టపడ్డది?"

ఆయన చిన్న రాడ్డు దగ్గరికి వెళ్లాడు. ప్లేట్లు తగిలించాడు. రాడ్డు ఎత్తాడు. విజయేందర్‌కు ఏం చేయాలో తోచక, కిందికి ఫోన్ చేసి ఛాయ్ చెప్పాడు.

కింద డప్పులు మోగుతున్నాయి. ఒక విగ్రహం వెళ్లింది, ఇంకొకటి వచ్చింది. ఇంద్రసేన చేతులు వణికాయి, నిలబడ్డాయి, మళ్లీ వణికాయి. ఛాయ్ వచ్చింది.

"వచ్చింది సార్, దించున్రి. గెలిచిన్రు."

దించలేదు. ఛాయ్ మీద మీగడ కట్టింది. చివరికి విజయేందరే ఆయన దగ్గరికి వెళ్లి, బిగుసుకున్న ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసి రాడ్డు తీసుకున్నాడు.

"ఇగ ఫికర్ లేదు సార్," అన్నాడు సంబరంగా. "ఎవ్వలు ఎంత లేటుగ వచ్చినా, మీ పాపను కిందికి దించేది లేదు."

ఇంద్రసేన తన చేతుల వైపు చూసుకున్నాడు.

కిందటేడు వానల్లో, సుల్తాన్ బజార్‌లో ఒక సెల్లార్ దుకాణం మునిగినప్పుడు, గడ్డం దాకా నీళ్లలో నిలబడి పైన చువ్వలున్న వెంటిలేటర్ కిటికీ వైపు ఎత్తి పట్టుకున్న పాపను, పైనుంచి చువ్వలు కోసేవాళ్లు వచ్చేదాకా ఆ చేతులు మోయలేకపోయాయి.