వెనక సీటు

"కూలి వద్దు దొరా. కారు ఓడెక్కేముందు మా బాపును ఒక్కపారి వెనక సీట్ల కూసోబెట్టి తిప్పుత. గంతే."

గట్టయ్య అడిగింది అదొక్కటే. దొర పడక కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు.

"పోశిగాడు నా సీట్ల కూసుంటడా? వాడు కారు ముంగట ఉరికినోడురా!"

అది నిజమే. ఆ నల్ల ఫోర్డు కారు కొత్తగా గడీకి వచ్చిన రోజుల్లో, దాని ముందు పరుగెత్తుతూ జనాన్నీ గొడ్లనీ పక్కకు తోలడం గట్టయ్య తండ్రి పోశం చేసిన వెట్టి. కూలి లేదు, కాళ్లకు చెప్పుల్లేవు. ఒక వానాకాలం జారి పడ్డాడు. ముందు చక్రం అతని కుడిపాదం మీదుగా పోయింది. కారు ఆగలేదు.

ఇప్పటికీ కర్ర లేనిదే నాలుగడుగులు వేయలేడు.

"కూలి తీస్కొని పని చెయ్యి. సీటు మాట మళ్ల ఎత్తకు," అన్నాడు దొర.

గట్టయ్య గోదావరిఖనిలో బొగ్గుబావి వర్క్‌షాపు ఫిట్టరు. చెప్పులు విడవకుండా గడీ మెట్లెక్కాడని దొరకు ముందే మంట. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది ఆయన వ్యవహారం. గడీ గోడలు కూలుతున్నా గొంతు మాత్రం కూలలేదు. కానీ ఆ కారును బాగుచేయగల మనిషి చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

పాత కార్లు దేశం దాటడానికి ఇంకా అడ్డులేని రోజులవి. ఎవరో ఇంగ్లండు దొర ఈ కారు మీద మనసు పడ్డాడు. బొంబాయి నుంచి ఏజెంటు వస్తున్నాడు. కారు తనంతట తాను రామగుండం స్టేషన్‌కు నడిచి వస్తేనే బేరం. లేకపోతే లేదు.

గట్టయ్య సెలవు పెట్టి సికింద్రాబాదు వెళ్లాడు. రాణిగంజ్‌లో దుకాణం దుకాణం తిరిగాడు. ప్లగ్గులు, ఫ్యాను బెల్టు, రేడియేటరు గొట్టాలు, ట్యూబులు కొన్నాడు. ఓడలో కట్టడానికి కొబ్బరితాళ్లు, కప్పడానికి టార్పాలిన్, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా పూయడానికి డబ్బాడు గ్రీజు కొన్నాడు. తిరిగొచ్చి వాకిట్లో సామాను దించాడు.

"అన్నీ దొరికినయి దొరా. ఆరు వోల్టుల కొత్త బ్యాటరీ ఒక్కటే లేదు. ఇప్పుడన్నీ పన్నెండువేనంట."

"మరెట్ల?"

"పాతదాంతోని సెల్ఫు తిరగదు. తోస్తె స్టార్టయితది."

"హ్యాండిలు పెట్టి తిప్పరాదా?"

"సంఘపోళ్లు గడీ మీదికొస్తె మీరు పట్నం ఉరికినప్పుడే అది మోటబాయిల పడ్డది గద!"

దొర మొహం మాడిపోయింది.

ఏజెంటు వచ్చిన రోజు తెల్లారే ముందు వాన పడి వెలిసింది. వాకిలంతా బురద. ఒకప్పుడు గడీలోంచి కేక వేస్తే ఊరు ఊరంతా వచ్చి నిలబడేది. ఇప్పుడు ఎవరికి కబురు పంపినా "డ్యూటీ ఉన్నది" అనే జవాబు. ఆగయ్య అనే వెనకటి జీతగాడైతే "దొరనే తొయ్యమనుండ్రి" అని కూడా చెప్పి పంపాడు.

కారు పోతుంటే చూద్దామని పోశం కర్ర పట్టుకుని వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. గట్టయ్య వెనక తలుపు తెరిచాడు.

"వెనక బరువు లేకుంటె బురదల చక్రాలు జారుతయి. బాపూ, ఎక్కు."

"వాడెందుకు? నేను కూసుంట!" అన్నాడు దొర.

"కూసోండ్రి. మరి మీ బదులు మా బాపు తోస్తడా?"

అందరూ పోశం పాదం వంక చూశారు. ఏజెంటు గడియారం చూసుకుని, చొక్కా చేతులు మడిచి కారు వెనక్కి నడిచాడు. ఇక దొరకు దారి లేకపోయింది. కండువా నడుముకు చుట్టాడు.

పోశం చేతులు జోడించాడు. "బాంచెను దొ..."

"గా మాట కింద్నే ఇడిచిపెట్టు బాపూ," అంటూ గట్టయ్య తండ్రిని ఎత్తి కూర్చోబెట్టాడు. కాళ్ల దగ్గర ఓ గోనెసంచి పెట్టాడు. "ఇదీ బరువుకే."

దొర తోశాడు. ఇంజను అంటుకోలేదు. మళ్లీ తోశాడు. గడీ దర్వాజ దాటింది, బజారూ దాటింది. ఊరు ఇళ్లలోంచి బయటికొచ్చింది. నీళ్లు తెస్తున్న లింగవ్వ బిందె దించి మరీ చూసింది.

"ఇంకింత తొయ్యి దొరా, మా పోశన్న బక్కపానమే!"

ఊరి చివర, అందరూ చూశాక, ఇంజను గుర్రుమంది.

"ఆపురా!" బురదలోంచి అరిచాడు దొర.

"ఆపితె మళ్ల తొయ్యాలె దొరా!"

కారు ఆగలేదు.

బొగ్గుబావి క్వార్టర్ల పక్కనుంచి పోతుంటే షిఫ్టు దిగిన వాళ్లు చేతులూపారు. అప్పటిదాకా సీటు అంచున బిగుసుకుని కూర్చున్న పోశం మెల్లగా వెనక్కి వాలాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత తనూ చెయ్యి ఊపాడు.

స్టేషన్ ముందు గట్టయ్య ఇంజను ఆపేశాడు. పోశం సీటు అంచుకు జరిగాడు.

"ఆపినవేంది బిడ్డా! మళ్ల తోసుడెవరు?"

"ఇగ తోసుడు అయిపోయింది బాపూ," అని నవ్వుతూ దిగి, గట్టయ్య తండ్రి కాళ్ల దగ్గరి గోనెసంచి మూతి విప్పి, రాణిగంజ్‌లో అన్నిటికంటే ముందు కొన్న ఆరు వోల్టుల కొత్త బ్యాటరీని బయటికి తీశాడు.