భయం ఆపేసుకున్న అమ్మ

ఆ రోజుల్లో రేసు డ్రైవర్లందరూ, రేసులో ఎవరి కారు ఎక్కడి నుంచి బయల్దేరాలో తేల్చే క్వాలిఫయింగ్‌కు ముందు చెవి వెనకున్న మీట నొక్కి భయాన్ని ఆపేసుకునేవారు. భయపడేవాళ్లకు ముందు వరుసలో చోటు దక్కేది కాదు. ఆ శనివారం హైదరాబాద్ ట్రాక్ మీద హిమజ అందరికంటే వేగంగా నడిపి మొదటి స్థానం సంపాదించింది. మర్నాటి రేసు కోసం మీట అలాగే ఉంచుకుని ఇంటికి వచ్చింది.

సాయంత్రం ఆమె కుర్చీలో కూర్చుని చూస్తుండగానే మూడేళ్ల కొడుకు చిన్ను బాల్కనీ కడ్డీలెక్కాడు. వాళ్లది తొమ్మిదో అంతస్తు. వంటగదిలోంచి వచ్చిన భర్త సుధీంద్ర ఒక్క ఉరుకున వెళ్లి వాణ్ణి లాగేసుకున్నాడు.

"చూస్తలేవా హిమా?" అని అరిచాడు.

"చూస్తనే ఉన్న. గట్టిగనే పట్టుకున్నడు కదా," అంది తాపీగా.

"భయాన్ని మళ్లా ఆన్ చెయ్యి. ఇప్పుడే."

"చేస్తే మళ్లా రెండు రోజులదాంక ఆపనీకి రాదు. రేపు కారెక్కలేను సుధీ."

బిడ్డను హత్తుకున్న అతని ముఖం పాలిపోయి ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తనలో ఉండాల్సిందేదో ఆ ముఖంలో కనిపించింది.

"రేపటిదాంక వీణ్ణి మీ అక్క ఇంటికి తీస్కపో," అంది చివరికి. "నా దగ్గర ఒంటరిగ ఉంచకు."

చిన్ను అమ్మ కావాలని ఏడుస్తూ చేతులు చాచాడు. హిమజ వాణ్ణి ఎత్తుకోలేదు. వెళ్లి తలుపు తీసి పట్టుకుంది.